ముఖచిత్రంలో పదవ ముఖం

'రజతదీపిక' సినిమా వారపత్రిక ముఖచిత్రాల మీద ఇరవయ్యేళ్ళుగా ఒక్క నల్లని యువతి అయినా కనిపించకపోవడానికి ఎవరూ కారణం కాదు. ఈ సంగతి ముందే స్పష్టం చేయడం న్యాయం. కారణం లేనిదే కార్యం లేదని నేను విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి తర్కశాస్త్రం బోధించిన మాట నిజమే. కాని కారణాన్ని తగినంతమంది ఉద్యోగులకు సమానంగా పంచిపెడితే, ఎవరి వాటాలోనూ అది కంటికి కనిపించేంత ఉండదని నాకు పదవీ విరమణ తరువాతనే తెలిసింది.

వ్యవహారం ఒక సర్క్యులర్‌తో మొదలైంది. వాణిజ్య ప్రకటనల సదాచార మండలి అనే సంస్థ పత్రికలన్నింటికీ ఒక ఆదేశం పంపింది. ఎదిగివస్తున్న నటీమణులను ముఖచిత్రాలుగా వేసేటప్పుడు 'సముచిత ఛాయా వైవిధ్యం' పాటించని పత్రికలకు ఇకమీదట సబ్బులు, షాంపూలు, చీరలు, నగల ప్రకటనలు అందవని దాని సారాంశం. అవన్నీ తీసివేస్తే రజతదీపికలో మిగిలేవి వారఫలాలు.

మేనేజింగ్ ఎడిటర్ ముక్కామల హయగ్రీవరావు గారు దీనికి నొచ్చుకున్నారు. పాత సంచికలన్నీ తెప్పించి పొడవాటి బల్ల మీద పరిపించారు.

"వైవిధ్యం లేదన్నవాడెవడండీ? ఇది పట్టు. ఇది నేత. ఇది షిఫాను. ఇదిగో, ఈ వారం అసలు చీరే లేదు!"

చీరలకు పైన ఉన్న ముఖాలు మాత్రం అన్నీ ఒక్కటిగానే ఉన్నాయి. ఒకే అమ్మాయి ఇరవయ్యేళ్ళపాటు వారానికొకసారి బట్టలు మార్చుకుంటున్నట్టుగా ఉంది. కాబట్టి మండలి ఆదేశం ప్రకారం ఒక సంఘం వేయవలసి వచ్చింది. ఆ సంఘంలో పత్రికతో పూర్వ సంబంధం లేని విద్యావంతురాలైన మహిళ ఒకరుండాలి. ఆయన నాకు ఫోను చేశారు.

"మేడమ్, మా పత్రిక ఎన్నడైనా కొన్నారా?"

"లేదండీ."

"చదివారా?"

"పళ్ళ డాక్టరు గారి దగ్గర ఒకసారి."

"నొప్పితో చదివింది చదివినట్టు కాదు లెండి" అని నన్ను నియమించారు.

ఛాయా వైవిధ్య సాధన సంఘం తొలి సమావేశంలో నలుపు అంటే ఏమిటో నిర్వచించాలని నేను ప్రతిపాదించాను. హయగ్రీవరావు గారు నావైపు జాలిగా చూశారు.

"మన తెలుగు ఆడపిల్లల్లో నలుపనేది లేదు మేడమ్. చామనఛాయ ఉంది. ఇంకొంచెం దిగితే రంగు తక్కువ ఉంది. ఆ పైన కళ గల ముఖం ఉంది. అంతటితో సరి."

"కళ గల ముఖమంటే?"

"పెళ్ళిచూపులయ్యాక తిరిగి వెళ్తూ కార్లో అనుకునే మాట."

ఏటా ఒకసారి రజతదీపిక 'రేపటి తారలు' అనే ప్రత్యేక సంచిక వేస్తుంది. దాని అట్ట మీద పదిమంది కొత్త నటీమణులు వరుసగా నిలబడి ఉంటారు. ఈసారి ఆ పదిమందిలో ఒకరు కళ గల ముఖం అయి ఉండాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వెతకగా లెంక పైడికుమారి దొరికింది.

ఈ అమ్మాయిది పలాస. నాటకాల్లో పేరు తెచ్చుకుని, నాటకకళలో పట్టా పుచ్చుకుని వచ్చింది. తల్లి ఎర్రమ్మ జీడిపప్పు కార్ఖానాలో గింజలు ఒలిచేది. జీడి రసానికి వేళ్ళ చర్మం మచ్చలు పడి ఉంది. ఆ కార్ఖానా ఆడవాళ్ళ కథతోనే ఒక సినిమా తయారవుతున్నది. దర్శకుడు పైడికుమారిని కథానాయికగా ఎంపిక చేసుకున్నాడు. నిర్మాత కొల్లిపర బలరామయ్య గారు మాత్రం మెలిక పెట్టారు. ఆ మెలికను ఎర్రమ్మే మాకు ఆయన గొంతుతో అభినయించి చూపింది.

"'నాకు రంగు పట్టింపు లేదమ్మా' అన్నాడండీ. 'సినిమా కొనుక్కునే వోళ్ళకుంది' అన్నాడు. ఆళ్ళనడిగితే ఆళ్ళకీ నేదట, జనానికుందట. జనాన్ని ఎవలడిగినారు? అంచేత పత్రికలో పిల్ల బొమ్మ ఉన్నదున్నట్టు పడితే, జనం ఊరుకుంటే, సినిమా మా పిల్లది. పడకపోతే బొంబాయి పిల్ల ఒకర్తుందట. ఆ పిల్లకి నల్లరంగు రాసీసి జీడిపిక్కలు ఒలిపించీస్తారట."

"ఆ పిల్ల పేరు మిషిక" అంది పైడికుమారి నవ్వుతూ. "మంచిదే. తెలుగు రాదు గాని, గింజ ఒలవడానికి తెలుగెందుకులెండి."

ఆ మిషిక కూడా పదిమందిలో ఉంది. మిగిలిన ఎనిమిది మంది ఎవరన్నది ఈ కథకు అవసరం లేదు. తరువాత ఎవరికీ అవసరం లేకపోయింది కూడా.

ఫోటోలు తీశారు. వారం తిరక్కుండా అట్ట తొలి ప్రతి అచ్చయి వచ్చింది. తెల్లని తెర ముందు పదిమంది తెల్లని అమ్మాయిలు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఎర్రమ్మ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది.

"ఏదే నువ్వు?"

"ఆ చివర్న చూడవే. జాకెట్టు నాదే."

"నా కడుపున పుట్టిన పిల్లని జాకెట్టు చూసి పోల్చుకోవాలేటి!" అని ఆమె హయగ్రీవరావు గారి వైపు తిరిగింది. "మా పిల్లకి సున్నమెవలు కొట్టినారు బావూ?"

ఇది సమంజసమైన ప్రశ్న. విచారణ బాధ్యతను సంఘం నాకు అప్పగించింది. నేను బొమ్మ నడిచిన దారినే నడిచాను.

మొదట మేకప్ సాంబయ్య గారు. తెనాలి మనిషి. రెండు తరాల కథానాయికలకు రంగు వేసిన చేయి. "చూస్తా చూస్తా ఆడపిల్ల ముఖాన్ని అట్టా ఎట్టా వదిలేస్తామండీ? మాకూ కూతుళ్ళున్నారు. కొంచెం ఎత్తాను, అంతే."

ఆ కార్యాలయంలో 'ఎత్తడం' అంటే రంగు తేల్చడం. ఎవరినీ తెల్లగా చేయరు, కొంచెం ఎత్తుతారు.

తరువాత ఫోటోగ్రాఫరు డేవిడ్. "లైటు కొంచెం ఎత్తాను మేడమ్. ఎవరికైనా అంతే."

కంప్యూటరు ముందు కూర్చునే మస్తాన్ ప్రమాణం చేసినంత పని చేశాడు. "నేను ముట్టుకోనేలేదు మేడమ్. ముఖాలకని ఒక మీట సెట్ చేసి ఉంది. నొక్కితే అదే కొంచెం ఎత్తుతుంది. నాకన్నా ముందు పనిచేసినాయన పెట్టి పోయాడు. దాన్ని మార్చడానికి నేనెవర్ని?"

చివరికి ముద్రణాలయం. యంత్రం దగ్గర యాదగిరి చేతులు తుడుచుకుంటూ గోడ చూపించాడు. అక్కడ ఒక పాత ముఖచిత్రం అంటించి ఉంది. "మొఖం రంగు దానికి మ్యాచ్ చెయ్యాలె మేడమ్. మా ఉస్తాద్ అంటించిండు. మొఖం జర డల్ గొడితే నల్లసిర తగ్గిస్త. కొంచెమే."

ఆ గోడకు ఎదురుగా కిటికీ ఉంది. మధ్యాహ్నపుటెండ నేరుగా ఆ బొమ్మ మీద పడుతున్నది. ఆ బొమ్మ ఇరవయ్యేళ్ళుగా వెలిసిపోతూ ఉంది. అంటే ప్రతి వేసవికీ ప్రమాణం మరికాస్త తెల్లబడింది. ఆ ప్రమాణాన్ని అనుసరించి మన కథానాయికలు కూడా తెల్లబడుతూ వచ్చారు. ఒక తరం సౌందర్యాభిరుచిని నడిపించినది ఒక కిటికీ అని నేను నివేదికలో రాశాను.

నివేదికకు నేను జోడించిన సూచన చిన్నది: నలుగురూ ఎత్తడం మానివేయాలి.

సమావేశంలో ముందు సాంబయ్య గారు లేచారు. "నేను మానేస్తాను. మరి మిగతావాళ్ళు మానకపోతే, మధ్యలో నా పనితనం పోయినట్టు కాదా?" డేవిడ్ కూడా అదే అన్నాడు. మస్తాన్ మీట గురించి, యాదగిరి ఉస్తాద్ గురించి అదే అన్నారు. హయగ్రీవరావు గారు గొంతు సవరించుకున్నారు.

"మేడమ్ గారి సూచన సిద్ధాంతరీత్యా శిరోధార్యం. కాని విభాగాల స్వయంప్రతిపత్తిలో జోక్యం చేసుకునే సంప్రదాయం ఈ సంస్థలో లేదు. ఈ మొత్తం ప్రక్రియలో పర్మనెంటు ఉద్యోగి కానిది ఆ అమ్మాయి ఒక్కతే. కనుక మార్పు అక్కడినుంచే ఆరంభం కావడం పరిపాలనాపరంగా సులభం."

తీర్మానం ఇలా ఉంది: నాలుగు విభాగాలు నాలుగు మెట్లు ఎత్తుతాయి గనుక, పైడికుమారిని ముందుగానే నాలుగు మెట్లు దించాలి. అప్పుడు ఆమె ప్రయాణం ముగిసేసరికి సరిగ్గా తన రంగుకే చేరుకుంటుంది. కాగితం మీద ఇందులో దోషం లేదు.

రెండవసారి ఫోటోలు తీసే రోజున నేనూ వెళ్ళాను. సాంబయ్య గారు కాటుకతో నల్లని లేపనం కలుపుతున్నారు. అద్దం ముందు కూర్చున్న పైడికుమారి ఆయన్ను అడిగింది.

"బాబాయ్, నేను నాలాగ కనపడ్డానికి ఎంతసేపు పడతాది?"

"రెండు గంటలు కూర్చోవాలమ్మాయ్."

"మరి మిషికకి?"

"ఆ పిల్లకి పదినిమిషాలు చాలు."

"ఒలమ్మ! నన్ను నేను అవ్వడం చానా కష్టమే." ఆమె కళ్ళు మూసుకుంది. ముఖం మీద రంగు పడుతుండగా పెదవులు కదలకుండా మళ్ళీ అంది. "నాటకంలో రాణి వేషానికైనా ఇంత సేపు కూర్చోలేదు."

లెక్క తప్పింది. తప్పడానికి కారణం మానవ హృదయం. అంత నల్లని ముఖాన్ని చూడగానే డేవిడ్ జాలిపడి లైటు ఇంకాస్త ఎత్తాడు. మస్తాన్ మీటను రెండుసార్లు నొక్కాడు. యాదగిరి గోడవైపు చూసి, కాగితం వైపు చూసి, "అయ్యో పాపం" అని సిరా బాగా తగ్గించాడు. అచ్చయి వచ్చిన పైడికుమారి మొదటిసారి కంటె తెల్లగా ఉంది.

సంఘం మరో నాలుగు మెట్లు దించింది. జాలి మరో నాలుగు మెట్లు పెరిగింది. మూడవ ప్రతి వచ్చేనాటికి కార్యాలయంలో కాటుక డబ్బాలు పెద్ద పెట్టెలతో దిగుతున్నాయి. సంచిక వెలువడవలసిన తేదీ ముంచుకొచ్చింది. బలరామయ్య గారు ఫోను చేసి, మిషిక డేట్లు ఖాయం చేస్తున్నామని, ఆదివారానికి అట్ట చూపకపోతే ఇక తనను తప్పుపట్టవద్దని ఎర్రమ్మతో చెప్పారు.

నాలుగవసారి కుర్చీలో కూర్చునే ముందు పైడికుమారి హయగ్రీవరావు గారి గదికి వచ్చింది. తల్లి వెనకనే ఉంది.

"సార్, మీరు ఎంత రంగంటే అంత రాయించుకుంటాను. నాకొక్క మాట ఇవ్వండి. మిషను తిరిగినప్పుడు నేనక్కడ ఉంటాను. ముఖం కడుక్కుని ఉంటాను. గోడ మీద బొమ్మకి బదులు యాదగిరన్న నన్ను చూసి కలపాలి."

"అమ్మా, ప్రామాణిక చిత్రాన్ని మార్చడమంటే విధానపరమైన..."

"మార్చొద్దు సార్. ఆ గోడ ముందు నేను నిలబడతానంతే. బొమ్మ బొమ్మలాగే ఉంటాది, నా వెనక."

దీనికి అడ్డుచెప్పే నియమం ఏదీ దొరకలేదు. ఆమె కోరినది మార్పు కాదు, నిలబడేందుకు చోటు. హయగ్రీవరావు గారు అంగీకరించారు.

నాలుగవ ఫోటో తీయడం కాగానే ముద్రణాలయంలో యంత్రం వేడెక్కింది. పదిమంది బొమ్మ ఉన్న అచ్చు ఫలకం బిగించారు. పైడికుమారి కుళాయి దగ్గర కాటుకంతా రుద్ది రుద్ది కడుక్కుని, తడి ముఖంతోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. తొలి కాగితం బయటకు వచ్చింది. ఈసారి కాటుక ఎన్నడూ లేనంత దట్టంగా పూసినందున అందులో ఆమె బొగ్గులా ఉంది. యాదగిరి కాగితాన్ని ఆమె చెంప పక్కన పట్టుకుని చూశాడు.

అతని ఉద్యోగ జీవితంలో ఎదురుగా ప్రాణమున్న మనిషిని పెట్టుకుని రంగు కలపడం అదే మొదటిసారి. కొంత బిడియపడ్డాడు.

"కొంచెం ఎత్తాలె చెల్లే."

"ఎత్తన్నా."

సిరాలన్నీ తగ్గించాడు. ఇంకో కాగితం. "ఇంక?"

"ఇంకా."

మరో కాగితం. మరొకటి. యాదగిరి ఆనందానికి అవధి లేదు. ఇంత ధారాళంగా ఎత్తమని అతన్ని ఎవరూ ఎన్నడూ బతిమాలలేదు. ఎర్రమ్మ ఒక్కొక్క కాగితం తీసి కూతురి ముఖం పక్కన పెట్టడం, తల అడ్డంగా ఊపడం, కిందపడేయడం. చివరికి ఒక కాగితం దగ్గర ఆమె చేయి ఆగింది.

"ఆగు నాయినా" అంది. "ఇదిగో. ఇదీ నా పిల్ల."

నిజమే. కాగితం మీద పైడికుమారి ఉన్నది ఉన్నట్టుగా ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, ఎడమ కనుబొమ మీది చిన్న గాటుతో సహా. పైడికుమారి మాత్రం కాగితంలో మిగతా భాగం చూస్తున్నది.

"అన్నా, మరి ఆళ్ళేరీ?"

యాదగిరి తొంగి చూశాడు. "ఆళ్ళకేమైంది? ఆళ్ళు మొదటి నుంచి తెల్లగనే ఉన్నరు గద."

ఒకటే ఫలకం, ఒకటే సిరా. కాటుక పూసిన ముఖం మనిషి రంగుకు తేలేంతగా ఎత్తినప్పుడు, ఆ పక్కన ముందే తేలి ఉన్న తొమ్మిది ముఖాలు తేలి తేలి తెల్లని తెరలో కలిసిపోయాయి. వాళ్ళ జడలున్నాయి. పైన కనుబొమలు, వాటికింద కళ్ళు, కొంత విరామం తరువాత ఎర్రని పెదవులు, ఆ కింద నగలు. ముక్కులు, చెంపలు, గడ్డాలు, చేతులు లేవు. చీరలు వాటంతట అవే నిలబడి నవ్వుతున్నట్టుగా ఉంది.

ఈ విషయాన్ని ఆ సాయంత్రం సంఘం ముందు నేను స్పష్టంగా విన్నవించాను. "తొమ్మిది మందికి ముఖాలు లేవండీ" అన్నాను.

"పదవ అమ్మాయి ముఖం సరిగ్గా వచ్చిందా, లేదా?" అన్నారు హయగ్రీవరావు గారు.

"సరిగ్గా వచ్చింది."

"ఎజెండాలో ఉన్నది అదొక్కటే మేడమ్. తక్కినవారి తెలుపు గురించి మండలికి గాని, మనకు గాని ఏనాడూ అభ్యంతరం లేదు."

సభ్యురాలు హర్షం వ్యక్తం చేశారని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆదివారానికల్లా సంచిక మార్కెట్లోకి వెళ్ళింది.

సోమవారం ఉదయానికి కార్యాలయం మెట్ల మీద నడిచే చోటు లేదు. తొమ్మిది మంది నటీమణుల తల్లులు, మేనేజర్లు ఫిర్యాదుతో వచ్చారు. ముందు అందరూ కలిసి పత్రికను తిట్టారు. తరువాత, ఎడమనుంచి మూడవ కనుబొమలు తమ అమ్మాయివంటే తమ అమ్మాయివని ఇద్దరు తల్లులు పట్టుబట్టడంతో తగవు వాళ్ళలో వాళ్ళకు మారింది.

"మా అమ్మాయి కనుబొమలు నేను గుర్తుపట్టలేనా?"

"ఇద్దరూ ఒకే పార్లరుకు వెళ్తారమ్మా, ఎలా గుర్తుపడతారు?"

అంతలో బలరామయ్య గారు సంచిక చేతపట్టుకుని లోపలికి వచ్చారు. సినిమా కొనుక్కునేవాళ్ళు పొద్దుటినుంచి ఫోన్లు చేస్తున్నారట. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ ముఖమున్న అమ్మాయి ఎవరని. ఆయన నిష్పక్షపాతి. అందుకని ఒప్పందానికి ముందు మిషిక బొమ్మ కూడా చూడాలనుకున్నారు.

"ఇందులో మా బొంబాయి అమ్మాయి ఎవరయ్యా?"

మిషిక మేనేజరు చాలాసేపు వెతికాడు. జుంకాలు చూశాడు, అంచులు చూశాడు. చివరికి మిషికకే ఫోను చేశాడు. తాను ఎక్కడ నిలబడిందో తనకు గుర్తులేదని, అందరి నగలూ స్టూడియోవేనని ఆమె జవాబు చెప్పింది.

బలరామయ్య గారు సంచికను మడిచి చంకలో పెట్టుకుని ఎర్రమ్మ వైపు తిరిగారు. "అమ్మా, నేను మొదట్నించీ అన్నాను గదా, నాకు రంగు పట్టింపు లేదని. అమ్మాయిని పంపించండి, సంతకాలు చేద్దాం."

"అన్నావు బావూ" అంది ఎర్రమ్మ. "నానే సెవులు సరిగా పెట్టి ఇన్నేదు."

తరువాత జరిగినవన్నీ కారణానుగుణంగానే జరిగాయి. మండలి ఆ అట్టను పరిశీలించి, మానవ శరీరానికి సాధ్యమైన రెండు కొసలూ ఒకే చిత్రంలో ఉన్నందున 'సంపూర్ణ ఛాయా వైవిధ్య' పురస్కారం ఇచ్చింది. పురస్కారం పొందిన పద్ధతిని మార్చడానికి ఏ సంస్థా సాహసించదు. కాటుక, నాలుగు విభాగాల ఎత్తుడు, చివర సిరా తగ్గింపు శాశ్వత విధానమయ్యాయి. ఇకమీదట రజతదీపికలో ముఖం కనిపించాలంటే ముందు ముఖం నల్లగా ఉండి తీరాలి. ఎదిగివస్తున్న నటీమణులు సాంబయ్య గారి గుమ్మం ముందు బారులు తీరారు. "అంకుల్, ఇంకొంచెం డార్క్ ప్లీజ్" అని గోధుమవన్నె పిల్లలు బతిమాలుకున్నారు. వారిలో మిషిక కూడా ఉంది.

మరుసటి ఏడాది జీడిపప్పు సినిమా విడుదలై బాగా ఆడింది. ఈసారి పైడికుమారి ఒక్కతే ముఖచిత్రం. తల్లితో కలిసి వచ్చింది. సంఘం ఇంకా రద్దు కాలేదు గనుక నేనూ ఉన్నాను. సాంబయ్య గారు కుర్చీ తుడిచి, అద్దం దీపాలు వేసి, ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన కళ్ళలో ఎప్పటి జాలే ఉంది.

"రంగు కొంచెం తక్కువగా ఉందమ్మాయ్" అన్నారు. "ఏం భయం లేదు. నేనున్నాగా." కాటుక డబ్బా మూత తీశారు.

ఎర్రమ్మ పకపకా నవ్వింది. "ఒలేయ్, ఇప్పుడు కూడా తక్కువేనట!"

"అటు చూసినా మనమే తక్కువ, ఇటు చూసినా మనమే తక్కువ" అంది పైడికుమారి. ఆయన చేతిలోని డబ్బా సున్నితంగా తీసుకుని, మూత పెట్టి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది. "ఇది దాచి ఉంచు బాబాయ్. మిషిక అడుగుతాది."

ఆమె కుర్చీలో కూర్చోలేదు. కడిగిన ముఖంతో నేరుగా వెళ్ళి తెల్లని తెర ముందు నిలబడింది. డేవిడ్ చేయి అలవాటుగా లైటు మీదికి వెళ్ళింది.

ఆమె ఆ చేతివైపు చూసింది.

డేవిడ్ ఆ చేయి వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.